ఆమె లేని రికార్డు

వీధిలో అందరూ ఆయన్ని పళ్లాయన అనేవాళ్లు. కొత్తవాళ్లెవరైనా “పళ్లాయన ఇల్లెక్కడండీ” అని అడిగి, చూపించిన గుమ్మం ముందు పండ్ల బుట్టలేవీ కనపడక, తప్పు చోటికి వచ్చామేమోనని వెనక్కి తిరిగిన రోజులున్నాయి. ఆయన చేసేది కట్టుడు పళ్లు. నలుగురు దంతవైద్యులు పంపే అచ్చులు తీసుకుని, ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న చిన్న గదిలో కూర్చుని, మైనంతో చిగుళ్లు కట్టి, పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టి, గులాబిరంగు ప్లాస్టిక్‌లో పోతపోసి, నునుపు పట్టి తిరిగి పంపేవాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని.

కట్టుడు పళ్లతో నమలడం ఎవరికైనా వారంలో వస్తుంది, కష్టమంతా మాట్లాడడంలోనే ఉంది అనేవాడాయన. ముందు పళ్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే చాలు, “స” అన్నప్పుడు ఈల వస్తుంది. అందుకని కొత్త సెట్టు సరిగా కూర్చోలేదని డాక్టర్లు ఎవరినైనా తన దగ్గరికి పంపిస్తే, ఎదురుగా కుర్చీ వేసి “సరస్సు, సున్నా, సిసలు” అనిపించేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడ అరగదీయాలో చెవితోనే తెలుసుకునేవాడు.

ఆ చెవులకు ఇంట్లో కూడా తీరిక ఉండేది కాదు. హాల్లో ఒక గోడ మొత్తం రికార్డులే. పదకొండు వందల పైచిలుకు. పెళ్లికి ముందు నుంచి కొంటున్నవి. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని ఒకటి పెట్టేవాడు. అది తిరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. గిన్నెల చప్పుడు కూడా నెమ్మదిగా ఉండాలి. ఆయన కోప్పడే మనిషేం కాదు. చూపుడువేలు కొంచెం పైకెత్తేవాడు, అంతే.

ఆయన భార్య కళ్ల ఆసుపత్రిలో నర్సు. పరీక్షకు ముందు రోగుల కళ్లలో చుక్కలు వేసి, అరగంటసేపు కళ్లు మూసుకుని ఉండమని చెప్పి వరసగా బల్లలమీద కూర్చోబెట్టడం ఆమె పని. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆయన రికార్డు పెడితే ఆమె కూడా సన్నగా అందుకునేది. ఆయన వేలెత్తేవాడు. “వాళ్లు పాడుతున్నారుగా” అనేవాడు నవ్వుతూనే. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. ఒకటి రెండేళ్లు గడిచాక ఇక వేలెత్తే అవసరం రాలేదు. ఆమె పాడడం మానేసిందని ఆయన గమనించనూ లేదు.

ఆమె పోయి పదకొండు నెలలయింది. రక్తానికి సంబంధించిన జబ్బు. నాలుగు నెలలు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి, ఐదో నెలలో పోయింది. అప్పటినుంచి ఆయన ఒక్క రికార్డు కూడా పెట్టలేదు. పెట్టాలని ప్రయత్నించకపోలేదు. ఏది తీసినా అందులో ఆమె ఉంది. ఒకటి, కూతురు పదో తరగతి పాసయిందని కబురొచ్చినప్పుడు తిరుగుతున్నది. ఇంకొకటి, ఆమె దుమ్ము దులుపుతూ చెయ్యిజారి గీత పడేసినది. ఆ గీత కోసం ఆయన మూడు రోజులు మాట్లాడకుండా ఉన్నాడు. అట్ట చేతిలోకి తీసుకోగానే ఆ మూడు రోజులూ గుర్తొచ్చేవి. మళ్లీ లోపల పెట్టేసేవాడు.

ఇంతలో పైవాటాలో స్నానాలగది గొట్టం పగిలి రికార్డుల గోడంతా చెమ్మెక్కింది. ఒక ఆదివారం పొద్దున ప్లంబరు వచ్చి గోడమీద వేళ్లతో తట్టి చూశాడు.

“లోపలంతా నానిపోయింది సార్. పగలగొట్టాల్సిందే. ఈ అట్టలన్నీ తీయించెయ్యండి.”

“అవి అట్టలు కాదయ్యా, రికార్డులు.”

“అవేనండి. అట్టల్లోనే ఉన్నాయి కదా.”

వాదించే ఓపిక లేక ఆయన ఒక్కో వరసా దించడం మొదలుపెట్టాడు. ప్లంబరు గొట్టం ముక్క కొనుక్కొస్తానని బయటికి వెళ్లాడు. కింది వరసలో, మూలకు, రెండు లావుపాటి పెట్టెల మధ్య ఒక రికార్డు ఇరుక్కుని ఉంది. లాగితే వచ్చింది. కంపెనీలో చుట్టిన పల్చటి ప్లాస్టిక్ ఇంకా దానిమీద అలాగే ఉంది. విప్పనే లేదు. అట్టమీద బక్కపలచటి మనిషొకడు ఒళ్లో కీబోర్డు పెట్టుకుని మెట్లమీద కూర్చుని ఉన్నాడు. పైన “మూడో అంతస్తు” అని రాసి ఉంది.

చూడగానే గుర్తొచ్చింది. ఇది బావమరిది ఇచ్చినది. ముప్పై రెండేళ్ల కిందటి మాట.

బావమరిది అంటే భార్యకు తమ్ముడు. అప్పట్లో ఒక బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. ఆ బ్యాండుకు బాగానే పేరుండేది. అందులో అందరికంటే వెనక నిలబడి కీబోర్డు వాయించే కుర్రాడు, బ్యాండు విడిపోయాక, ఉన్నదంతా పెట్టి సొంతంగా ఒక ఆల్బమ్ చేశాడు. అన్ని పాటలూ తనే రాసి తనే పాడాడు. డ్రమ్ములకు బావమరిదిని పిలిచాడు. అప్పటికే అందరూ క్యాసెట్లకు మారిపోయారు. అతను మాత్రం మొండిగా రికార్డే వేయించాడు. కొన్ని వందలు వేస్తే అందులో సగం కూడా ఎవరూ కొనలేదు. బావమరిది ఒకటి తెచ్చి ఇస్తే ఈయన “వెనక నిలబడేవాడు ముందుకొచ్చి పాడితే సరిపోతుందా” అని మనసులో అనుకుని షెల్ఫులో పెట్టేశాడు.

రెండు వారాల తరవాత బావమరిది భోజనానికి వచ్చాడు. ముగ్గురూ బల్ల దగ్గరే ఉన్నారు.

“విన్నావా బావా?”

“విన్నాను.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది. కొత్తవాడు కదా, పర్లేదు.”

భార్య వడ్డిస్తున్నదల్లా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. “ఏ పాట నచ్చింది మీకు?”

“అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఫలానాది అని ఏం చెప్పను?”

“రెండో వైపు కూడా విన్నారా?”

“విన్నానంటుంటే. రెండు వైపులా విన్నాను.”

ఆమె ఇంకేమీ అడగలేదు. ఆయన ఆ సంగతి ఆ రోజే మరిచిపోయాడు.

ఇప్పుడు దిగిన రికార్డుల కుప్పల మధ్య నేలమీద కూర్చుని, చేతిలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఇంట్లో ఉన్నవాటిలో ఇదొక్కటే ఎప్పుడూ తిరగలేదు. ఇది వింటూ ఆమె బట్టలు మడత పెట్టలేదు, కుర్చీలో కునికిపాట్లు పడలేదు. ఇందులో ఆమె లేదు. ఇదైతే వినగలనేమో అనిపించింది.

గోటితో ప్లాస్టిక్ చీల్చాడు. ప్లేయరుమీద కప్పిన దుప్పటి తీసి, సూది తుడిచి, పెట్టాడు.

మొదటి పాటకు పెదవి విరిచాడు. గొంతు పీలగా ఉంది, గిటారు మరీ గట్టిగా ఉంది. రెండో పాట సగంలోకి వచ్చేసరికి నిటారుగా కూర్చున్నాడు. పాటలన్నీ ఒకే భవనంలో అద్దెకుండే మనుషుల గురించి. లిఫ్టు లేని మూడో అంతస్తుకు గ్యాసుబండ మోసేవాడొకడు. పొద్దున ఒకే నిమిషానికి తలుపులు తెరిచి కూడా పలకరించుకోని ఇద్దరు పొరుగువాళ్లు. మాటలు మామూలుగా మనం మాట్లాడుకునేవే. వాటికింద కీబోర్డు ఎక్కడా తన గొప్ప చూపించకుండా, పాటను చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నడిపిస్తోంది. డ్రమ్ములు విని ఆయన ఆశ్చర్యపోయాడు. తన బావమరిదికి వాయించడమంటే బాదడమే అని ఇన్నాళ్లూ నమ్మాడు. ఇక్కడ అతను ఎక్కడ ఆగాలో తెలిసి ఆగుతున్నాడు. మొదటి వైపు అయిపోయేసరికి, ఇంత మంచిదాన్ని మూలన పడేశానే అని ఆయనకు సిగ్గేసింది. పదకొండు నెలల తరవాత మొదటిసారి కాస్త ఊపిరాడినట్టు కూడా ఉంది.

రెండో వైపు తిప్పాడు.

మూడో పాట, ఒక మనిషి గది ఖాళీ చేసి వెళ్లిపోవడం గురించి. సామానంతా ఒక్కొక్కటే కిందికి దించుతుంటాడు. పల్లవి వచ్చినప్పుడల్లా వెనక ఇద్దరు ఆడవాళ్ల గొంతులు కలుస్తున్నాయి. చివర్లో వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ ఇద్దరిలో ఒకామె ఒంటరిగా అందుకుంది.

“సగమే చెప్పి సెలవంటే సరిపోతుందా...”

మొదటి “స” దగ్గరే ఆయన కళ్లు మూసుకున్నాడు. దాని అంచున గాలి చిన్న ఈలలా పోయింది. ఆయన భార్య ముందు పళ్ల మధ్య బియ్యపుగింజంత సందు ఉండేది. పెళ్లయిన కొత్తలో “కూర్చో, పది నిమిషాల్లో పూడ్చేస్తాను” అని ఆయన ఎన్నోసార్లు అడిగాడు. “అందరివీ మీరు చేసినట్టే ఉంటే ఇంక నాదేదో ఎలా తెలుస్తుంది?” అని ఆమె ఒప్పుకోలేదు. ముప్పై ఆరేళ్లు ఆ “స” ఆయన పక్కనే ఉంది. “సరే”లో, “సబ్బు”లో, “సాయంత్రం త్వరగా రండి”లో. పాటలో ఎప్పుడూ వినలేదు.

సూది ఎత్తి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎత్తి మళ్లీ పెట్టాడు. నాలుగోసారి ఆ లైను వస్తుండగా ప్లంబరు వెనకనుంచి వచ్చి గోడమీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.

“ఆపు!” అని ఆయన అరిచిన అరుపుకు ప్లంబరు సుత్తి కింద పెట్టేశాడు. పాట అయిపోయేదాకా ఇద్దరూ కదలలేదు.

“ఎవరండీ ఆ చివర పాడినామె? భలే పాడింది” అన్నాడు ప్లంబరు, భయపడుతూనే.

“మా ఆవిడ.”

“అట్టాగా! అమ్మగారు పాడేవారా సార్?”

ఆయన అట్టలోంచి కాగితం తీసి చదివాడు. అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో, వాయించినవాళ్ల పేర్లయ్యాక, “వెనక గొంతులు: స్టూడియో మేనేజరు చెల్లెలు, నర్సమ్మ” అని ఉంది. చదివినవాళ్లు అది ఎవరిదో పేరనుకుంటారు. ఆసుపత్రిలో రోగులు ఆమెను పిలిచే పిలుపు అది.

మర్నాడు ఆయన పని గది తెరవలేదు. పొద్దున్నే బావమరిది దగ్గరికి వెళ్లాడు. అతను డ్రమ్ములు వదిలేసి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు ఒక డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతున్నాడు. అక్క పోయాక బావ ఇంటి గడప తొక్కలేదు. ఫోను చేసినా ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేవాడు. బాధలో ఉన్నాడని ఈయన సరిపెట్టుకున్నాడు.

స్కూలు ముందు బెంచీమీద అరగంట కూర్చున్నాక కారు వచ్చి ఆగింది. చెమటలు కక్కుతూ ఒకామె దిగిపోయింది. బావమరిది తన సీట్లోంచే తల బయటపెట్టి చూశాడు. బావ చేతిలో ఉన్న అట్ట చూశాడు.

“ఎక్కు బావా. అటు, స్టీరింగు దగ్గర కూర్చో. డ్రమ్ములు ఒక చెవి తినేశాయి, ఇటువైపునుంచి చెప్తే వినపడదు. నేర్చుకునేవాళ్ల వైపుది మంచిదవబట్టే ఈ ఉద్యోగం నిలబడింది.”

జీవితంలో ఎప్పుడూ కారు నడపని మనిషి స్టీరింగు ముందు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దాన్నే పట్టుకున్నాడు.

“నిన్న విన్నాను” అన్నాడు.

“నిన్నా?”

“నిన్నే. మొదటిసారి.”

బావమరిది అద్దంలోంచి ముందుకు చూస్తూ తలూపాడు. “విని గుర్తుపట్టావా? కాగితం చదివి తెలుసుకున్నావా?”

“వినే. మొదటి మాటకే.”

“అయితే అక్క చెప్పింది నిజమే” అన్నాడు బావమరిది. “ఆ రోజు పాడాల్సిన అమ్మాయి రాలేదు. స్టూడియో గంటలు అయిపోతున్నాయి. నాకు అక్క గుర్తొచ్చింది. కళ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టినవాళ్లకి విసుగు రాకుండా అక్క పాటలు పాడేది, తెలుసా నీకు? నేను ఒకసారి కళ్లు చూపించుకోడానికి వెళ్లి విన్నా. ఇరవైమంది కళ్లు మూసుకుని కూర్చున్నారు, మధ్యలో తను పాడుతోంది. వెళ్లి డ్యూటీ బట్టలతోనే ఎక్కించుకొచ్చా. అందుకే అక్కడ అందరూ నర్సమ్మా, నర్సమ్మా అన్నారు. పేరు ఏం వెయ్యమంటారని అడిగితే అదే వెయ్యమంది.”

“నాకెందుకు చెప్పలేదురా?”

“చెప్పొద్దంది. నేనూ అడిగా. ‘మా ఆయనవి పాము చెవులు, ఎంత సన్నగా ఉన్నా పట్టేస్తారు, ఆయనంతట ఆయనే పట్టుకోవాలి’ అంది. ఆ కీబోర్డాయన అక్క గొంతు కొంచెం పెంచుతానంటే కూడా వద్దంది. ఇంకో మాట కూడా అంది. చెప్పనా?”

“చెప్పు.”

“‘రికార్డులో పాడితే నోరు మూసుకోమని వేలెత్తరు కదరా’ అంది. నవ్వుతూనే అందనుకో.”

ఆయన స్టీరింగుమీదున్న తన చూపుడువేలు వైపు చూసుకున్నాడు. కారు అద్దం ముందునుంచి మనుషులు దాటిపోతున్నారు.

“తరవాత నువ్వేమో విన్నానన్నావు. రెండు వైపులా విన్నానన్నావు. ఆ రోజు నేను అక్క మొహం చూడలేకపోయా. గుర్తుపట్టలేదురా నన్ను, అని వంటింట్లో ఏడ్చింది. కొన్ని నెలలు ఆ బాధతోనే తిరిగింది. ఓ రోజు మా ఇంటికొచ్చి, ‘ఆయన వినలేదురా, అబద్ధం చెప్పారు’ అని నవ్వడం మొదలుపెట్టింది. దుమ్ము దులుపుతుంటే కనపడిందంట, ప్లాస్టిక్ విప్పకుండా. అబద్ధం చెప్పాడని తెలిసి అంత సంబరపడిన ఆడదాన్ని నేను ఇంకెక్కడా చూళ్లేదు బావా.”

“మరి అప్పుడైనా నన్ను అడగొచ్చు కదా.”

“అడగదు. నీ అంతట నువ్వు తియ్యాలి. పదకొండు వందలున్నాయి, ఎప్పటికో దాని వంతు వస్తుందిలే అనేది. మొదట్లో నెలకోసారి నేను అడిగేవాణ్ని, విప్పాడా అని. తరవాత అడగడం నేనే మానేశా. అక్క మాత్రం దుమ్ము దులిపినప్పుడల్లా చూసేదంట.”

పళ్లాయన అడిగాడు, “ఆసుపత్రిలో ఉన్నప్పుడు?”

“చెప్పేస్తానన్నా. నా చెయ్యి పట్టుకుని ఆపింది. ‘ఇప్పుడు చెప్తే జాలిపడి వింటారు. జాలిపడి వినేది నాకొద్దు’ అంది. నాచేత ఒట్టేయించుకుంది.”

అప్పుడు ఆయనకు ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. చివరిసారి ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చిన వారం. ఆమెను హాల్లోనే మంచంమీద పడుకోబెట్టారు. పాటలేమైనా పెట్టనా అని అడిగితే, “మనం ఎప్పుడూ విననిది ఏదైనా పెట్టండి” అంది. ఆయన గోడంతా వెతికి, తనకు బాగా ఇష్టమైనదొకటి తీసుకొచ్చి, “ఇది ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటుంది” అని పెట్టాడు. ఆమె సరేనంది. కళ్లు మూసుకుని, ఆ రెండు వైపులూ అయిపోయేదాకా ఓపిగ్గా వింది.

ఆ సంగతి బావమరిదికి చెప్పబోయి ఆగాడు. స్టీరింగుమీద తల ఆనించాడు. హారను మోగింది. ఉలిక్కిపడి తల ఎత్తాడు. ఇంకో సమయంలో అయితే ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లు.

“అక్క పోయాక చెప్పొచ్చు, ఒట్టు ఎలాగూ తీరిపోయింది” అన్నాడు బావమరిది నెమ్మదిగా. “కావాలనే చెప్పలేదు. నీమీద కోపం. తెలియకుండానే ఉండనీ అనుకున్నా. తప్పే.”

“కోపం ఉండాల్సిందే” అన్నాడు పళ్లాయన.

ఆ కీబోర్డాయన పాడినవి ఇంకేమైనా ఉన్నాయా, స్టూడియోలో టేపులు మిగిలాయా అని అడిగాడు. పాటల మధ్య ఆమె మాట్లాడినవి, నవ్వినవి ఏవైనా ఉండి ఉంటాయని ఆశ. స్టూడియో మూతపడి పాతికేళ్లయిందనీ, టేపులు ఖరీదని అప్పట్లో చెరిపి మళ్లీ మళ్లీ వాడేవాళ్లనీ బావమరిది చెప్పాడు. కీబోర్డాయన పాటలు మానేసి ఎక్కడో పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాడు, నాలుగేళ్ల కిందట పోయాడు. తన దగ్గరున్న కాపీ ఇల్లు మారినప్పుడు విరిగిపోయింది. అంటే తమ చేతిలో మిగిలింది ఈ ఒక్కటే. అందులో ఆమె ఒంటరిగా పాడింది ఒక్క లైను.

తరవాతి ఆదివారానికి గోడ పని అయిపోయింది. కొత్త సున్నం ఇంకా ఆరలేదు. రికార్డులు ఇంకా హాల్లో కుప్పలుగానే ఉన్నాయి. ఆయన కూతురిని రమ్మని ఫోను చేశాడు. ఆమె అదే ఊళ్లో, బస్సు దిగి పది నిమిషాలు నడిచే దూరంలో ఉంటుంది. ఏదో ఆరోగ్యం బాగోలేదేమోనని పరుగున వచ్చింది.

ఆయన జరిగిందంతా చెప్పాడు. అబద్ధం చెప్పిన సంగతి కూడా దాచలేదు. తరవాత పాట పెట్టాడు. అమ్మ ఒంటరిగా పాడిన చోట కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయింది. ఆమె ఏడుస్తుందని, తనను పట్టుకుని ఏడుస్తుందని ఆయన ఎదురుచూశాడు.

“అమ్మ పాడుతుందని నాకు తెలియదు నాన్నా” అంది కూతురు. “ముప్పై నాలుగేళ్లొచ్చాయి నాకు. మా అమ్మ పాడుతుందని నాకు తెలియదు.”

“నాకూ తెలియదమ్మా.”

“నీకెందుకు తెలియదు? నీకు తెలుసు. నువ్వే కదా ఆపింది. తెలియనిది నాకు.” ఆమె గొంతు పెద్దదైంది. “నేను చిన్నప్పుడు నిద్ర పట్టకపోతే అమ్మ వీపు మీద జోకొట్టేది. నోరు విప్పేది కాదు. జోలపాటలు నేను పక్కింటి ఆంటీ దగ్గర విన్నాను. మా అమ్మకి రావేమోననుకున్నా.”

ఆయన ఓదార్చబోయి మానుకున్నాడు. కూతురు లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చింది. వచ్చి, కుప్పల మధ్య ఆయన పక్కనే నేలమీద కూర్చుంది.

“ఇంకోసారి పెట్టు” అంది.

పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు విన్నారో లెక్క లేదు. వెళ్లేటప్పుడు కూతురు గుమ్మంలో ఆగింది.

“ఫోనులోకి ఎక్కించుకోనా?”

“ఫోనులోకి వద్దు” అన్నాడు. కూతురి మొహం మళ్లీ బిగుసుకోబోతుంటే, గబగబా అన్నాడు, “రికార్డే తీసుకెళ్లు. లోపలగదిలో చిన్న ప్లేయరుంది, అదీ తీసుకెళ్లు. నేను వచ్చి బిగించి పెడతా.”

“నీకు?”

“నేను అక్కడికొచ్చి వింటా.”

మిగతా పదకొండు వందలూ షెల్ఫుల్లోకి ఎక్కడానికి నెల పట్టింది. ఎక్కించినా ఆయన వాటి జోలికి పెద్దగా పోవడం లేదు. పని గదికి మాత్రం రోజూ వెళ్తున్నాడు. సెట్లు ఎప్పటిలాగే చక్కగా వస్తున్నాయని డాక్టర్లు అంటున్నారు.

ఆదివారాలు పొద్దున్నే కూతురి ఇంటికి వెళ్తాడు. అప్పుడప్పుడు బావమరిది కూడా వస్తాడు. మంచి చెవి ప్లేయరు వైపు పెట్టుకుని కూర్చుని, పాత పాటకు మోకాలిమీద వేళ్లతో వాయిస్తాడు. అది గోలగా ఉండే ఇల్లు. కుక్కరు కూతలు, అల్లుడి ఫోను మాటలు, కిటికీ కింద స్కూటర్లు. నాలుగేళ్ల మనవరాలికి “మూడో అంతస్తు” మొత్తం నోటికొచ్చేసింది. మొదటి పాటనుంచీ గొంతెత్తి పాడుతుంది. మాటలు సగం తప్పులే. ఎవరూ ఆపరు. ఆయనా ఆపడు.

రెండో వైపు మూడో పాట వచ్చేసరికి ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంటాడు. వాయిద్యాలు ఆగే చోటు దగ్గరపడుతుంటే ఊపిరి బిగబడతాడు. ఒక్కోసారి వినపడుతుంది, ఆ చిన్న ఈలతో సహా. ఒక్కోసారి సరిగ్గా అదే క్షణానికి మనవరాలు ఒళ్లోకి ఎక్కి “తాతా, నా చెప్పు కనపడ్డం లేదు” అంటుంది. ఆయన వంగి మంచం కింద వెతుకుతాడు. చెప్పు దొరికేసరికి ఆ లైను వెళ్లిపోతుంది, తరవాతి పాట మొదలవుతుంది. మళ్లీ పెట్టమని ఆయన ఎవరినీ అడగడు. వచ్చే ఆదివారం దాకా ఆగుతాడు.